జె. బి. ఎస్. హాల్డేను చరిత్రము

గుఱ్ఱమునకును గాడిదకును పుట్టిన కంచరగాడిదను మన విద్యార్థులలో చూచినవారు ఇప్పుడు కొలదిమందియే యుందురు. హిమాలయ పర్వతమార్గములయందు సైనికులకు నేటికిని బరువులు మోయుచున్నది ఈ జంతువే. దీని తల్లి గుఱ్ఱము, తండ్రి గాడిద. బిడ్డ ఓర్పుగలది, కొండ యెక్కునప్పుడు కాలు తడబడదు, ముతకమేతతోనే తృప్తిపడును. ఐనను దానికి సంతానము లేదు. ఎప్పుడో యొకసారి ఆడు కంచరము ఈనినదని వినుచుందుము గాని, మగ కంచరము తండ్రియైనదని వినము. ఇంతటి దేహబలముగల బిడ్డకు వంశము నిలుపు శక్తి యేల లోపించెను? లోపించినచో, ఆడుదానికంటె మగదానికే యేల మిక్కిలిగా లోపించెను? తరగతిలో ఈ ప్రశ్న నడిగిన బాలుని ఊరకుండుమని కూర్చుండబెట్టుట ఉపాధ్యాయునకు సులభము. నేనును అట్లు చేసిన దినములు కలవు. ఇట్టి ప్రశ్నను గూర్చియే 1922వ సంవత్సరమున ఒక నియమమును కనుగొనిన జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేను అను పండితుని చరిత్ర మిచ్చట వ్రాయబూనితిని.

హాల్డేను 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఇంగ్లండుదేశమునందలి ఆక్స్‌ఫర్డు పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. మానవులు పీల్చు గాలిని గూర్చి పరిశోధనలు చేసి, బొగ్గుగనులలో పనిచేయువారి ప్రాణములను కాపాడుటకు జీవితమంతయు శ్రమించినవాడు. ఆ తండ్రి తన పరీక్షలకు కొడుకును వెంట గొనిపోవుచుండెను. ఒకసారి బాలుని గని లోపలకు దింపి, మీథేను వాయువు నిండిన చోట నిలువబెట్టి, షేక్స్పియరు నాటకములోని యొక ప్రసంగమును కంఠపాఠముగా అప్పగింపుమనెను. కొన్ని పంక్తులు చదువునంతలో బాలునకు ఊపిరి యాడక, కాళ్లు తేలిపోయి, నేలపై కూలబడెను. నేలమట్టమున గాలి బాగుగా నుండుటచే తేఱుకొనెను. మీథేను గాలికంటె తేలికయైనదనియు, అది గనిలో కప్పువద్ద నిలుచుననియు ఆ బాలునకు వేఱుగా చెప్పవలసిన పని లేకపోయెను. పదుమూడవయేట తండ్రితోపాటు సముద్రముపై ప్రయాణము చేసి, పెద్దవారికై కుట్టిన మునకదుస్తులను తొడుగుకొని నీటి యడుగునకు దిగెను. దుస్తుల సందులనుండి నీరు చొఱబడుచున్నను భయపడక పని ముగించి పైకి వచ్చెను. ఇట్టి బోధనాపద్ధతి మన శిక్షణ కళాశాలలలో నేర్పునది కాదు. తల్లిదండ్రులు దీని ననుసరింపవలయునని నేను చెప్పను. కాని శాస్త్రమనగా పుస్తకములోని వాక్యము కాదనియు, ఒంటికి తగులు సత్యమనియు ఆ పిల్లవానికి చిన్ననాటనే నాటుకొనెను.

1901లో, ఎనిమిదేండ్ల వయసున, తండ్రి యతనిని ఒక యుపన్యాసమునకు గొనిపోయెను. మెండెలు అను మఠాధిపతి బఠానీమొక్కలపై చేసిన పరిశోధనలు ముప్పదియైదేండ్లు మరుగునబడియుండి 1900లో మరల వెలుగులోనికి వచ్చియుండెను. ఉపన్యాసవిషయ మదియే. కొన్ని యేండ్ల పిమ్మట హాల్డేనును, అతని చెల్లెలు నయోమియు కలిసి ఇంటి పచ్చికబయలున గినీపందులను పెంచి, వాని రంగులు తరతరమునకు ఎట్లు దిగుచున్నవో లెక్క వ్రాయసాగిరి. జంతువుల సంఖ్య మూడువందలకు పెరిగెను. ఆ చెల్లెలే తరువాత నయోమి మిచిసన్ అను పేరుతో ప్రసిద్ధ నవలాకర్త్రి యయ్యెను. పిమ్మట చుంచెలుకలపై పనిచేసి, కొన్ని గుణములు జంటగా సంతానమునకు దిగుచున్నవని కనుగొనిరి. స్తన్యపాయి జంతువులలో ఇట్టి సంగతి అంతకుమున్ను స్థాపింపబడి యుండలేదు. ఈ పనిలో మూడవ భాగస్వామియైన స్ప్రంట్ అను యువకుడు ప్రథమ ప్రపంచయుద్ధమున 1915లో మరణించెను. ఆ వ్యాసము ముగ్గురి పేర్లతో ఆ సంవత్సరమే ప్రకటితమయ్యెను.

ఈటన్ పాఠశాలలో చేరిన తొలిదినములలో పెద్ద విద్యార్థులు హాల్డేనును మిక్కిలి బాధించిరి. అతడు దానిని జీవితాంతము మఱువలేదు. తుదకు ఆ పాఠశాలలోనే విద్యార్థినాయకుడయ్యెను. ఆక్స్‌ఫర్డు న్యూ కాలేజీలో మొదట గణితమునను, పిమ్మట గ్రీకు లాటిను భాషలు, తత్త్వశాస్త్రములయందును ప్రథమశ్రేణి నందెను. విజ్ఞానశాస్త్రమున మాత్రము అతనికి పట్టమే లేదు! పరీక్ష తప్పితిమని బడి మానదలచు బాలురు ఈ వాక్యమును తమకు అనుకూలముగా త్రిప్పుకొనరాదు. అతడు తప్పిన పరీక్ష లేదు, వ్రాయని పరీక్ష మాత్రమే కలదు.

యుద్ధకాలమున బ్లాక్ వాచ్ అను స్కాట్లండు పటాలమున అధికారియై ఫ్రాన్సులోను, ఇరాకులోను పోరాడి గాయపడెను. శత్రువులు విషవాయువును ప్రయోగించినప్పుడు, తండ్రితో కలిసి ముఖరక్షకములను పరీక్షించుటకు ఆ వాయువును తానే పీల్చి చూచెను. గాయములు మానుటకై అతనిని భారతదేశమునకు పంపిరి. ఆ కొలదినెలలలోనే ఈ దేశముపై అతనికి ప్రీతి కలిగెను. దాని ఫలితము నలుబదియేండ్లకు గాని కనబడలేదు.

ఇక నియమము సంగతి. యుద్ధానంతరము ఆక్స్‌ఫర్డున బోధకుడైయుండిన హాల్డేను, వేర్వేఱు జాతులను కలిపి చూచినవారి వ్రాతలను ప్రోగుచేసెను. సీతాకోకచిలుకలు, పక్షులు, ఈగలు, పశువులు మున్నగువానిపై ఎందఱో యేండ్లతరబడి చేసిన పరీక్షలు పత్రికలయందు చెదరియుండెను. క్రొత్త పరీక్ష యొక్కటియు తాను చేయలేదు. చెదరినవానిని ఒకచోట పేర్చి చూచెను. చూడగా, సంకరమువలని చెడుగు మగ ఆడలలో ఒక పక్షమునకే తగిలినచో, లింగమును నిర్ణయించు క్రోమోజోములు జతగూడక వేర్వేఱు రకములుగా నున్న పక్షమునకే అది తగులుచుండెను. పశువులయందును మనుష్యులయందును ఆడుదానికి ఎక్స్ అను క్రోమోజోములు రెండు, మగవానికి ఎక్స్ ఒకటి, వై ఒకటి. కావున కంచరములలో మగవాడే మిక్కిలి నష్టపోయినాడు. పక్షులయందును సీతాకోకచిలుకలయందును వ్యవస్థ తలక్రిందులు. అచ్చట జత కుదరనిది ఆడుదానికే, నష్టమును ఆడుదానికే. ఇదియే హాల్డేను నియమము. నూఱేండ్లు గడచినను జీవశాస్త్రమున దీనికున్నన్ని దృష్టాంతములు గల నియమములు అరుదు.

కారణమేమనగా, జన్యువులలో కొన్ని బయటపడునవి, కొన్ని దాగియుండునవి. ఎక్స్ క్రోమోజోములు రెండున్నచో, ఒకదానిలోని దాగిన దోషమును రెండవది కప్పిపుచ్చును. ఒక్కటియే యున్నవానికి ఆ చాటు లేదు. ఒక జాతినుండి వచ్చిన ఎక్స్, మఱియొక జాతినుండి వచ్చిన తక్కిన జన్యువులతో పొసగనప్పుడు, ఆ పొసగమి వెంటనే బయటపడును. ఈ వివరణమును ముల్లరు అను అమెరికా పండితుడు 1940 ప్రాంతమున విస్తరించి చెప్పెను. తరువాతి పరిశోధనలచే అది బలపడినది.

ఈ మాట చెప్పినప్పుడు పై తరగతి విద్యార్థి యొకడు, లింగ క్రోమోజోములే లేని జంతువులయం దెట్లు జరుగునని యడిగినచో మెచ్చుకొనవలసినదే. దానికి సమాధానము హాల్డేను మరణించిన చాలకాలమునకు, ఒక చిన్న పెంకుజీవినుండి దొరకెను. రొయ్యలు, పీతలు ఏ తెగకు చెందినవో ఆ తెగలోనిదే టిగ్రియోపస్ కాలిఫోర్నికస్ అనునది. దీని పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. మెక్సికోనుండి అలాస్కావఱకు గల పసిఫిక్ తీరమున, అలలు చిందినప్పుడు బండలమీద నిలుచు మడుగులలో ఇది నివసించును. ఎండ కాసిన ఆ నీరు వేడెక్కి ఉప్పు చిక్కబడును. వాన కురిసిన చప్పబడును. ఒక్కొక్కప్పుడు మడుగే యెండిపోవును. ఇన్ని కష్టములకు తాళగల యీ జీవి, ఒక బండల గుంపునుండి మఱియొక బండల గుంపునకు పోవుట మాత్రము మిక్కిలి అరుదు. అందుచే ఒకే తీరమున నున్నను ఒక్కొక్క చోటి గుంపు యుగయుగములుగా తనవారితోనే కలిసి, ఇతరులనుండి వేఱుపడినది. పుస్తకములయందు వీని కన్నిటికిని ఒకే జాతినామము. కాని వాని జన్యువులను పోల్చి చూచినచో, ఒకే పేరు పెట్టవచ్చునా యను సందేహము కలుగును.

రోనాల్డు బర్టను అను శాస్త్రజ్ఞుడును అతని శిష్యులును కాలిఫోర్నియా రాష్ట్రమునందలి శాంతాక్రూజు, శాండియేగో మున్నగు తావుల గుంపులను కలిపి చూచిరి. మొదటి తరము బిడ్డలు తల్లిదండ్రులకు ఏమాత్రమును తీసిపోలేదు. కొన్నిట మించినవి కూడ. ఇచ్చటనే పరీక్ష నాపినవాడు, ఈ గుంపులమధ్య భేదమే లేదని తీర్పు చెప్పియుండును. కాని ఆ బిడ్డలను ఒకదానితో నొకటి కలిపి మనుమల తరమును పుట్టింపగా సంగతి మాఱినది. మనుమలు మెల్లగా పెరిగినవి, గ్రుడ్లు తక్కువ, బ్రతికినవి తక్కువ. వాని కణములలో శక్తియు కొఱవడినది.

ఏల? కణమునకు కావలసిన శక్తిని పుట్టించు మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములకు స్వంత జన్యువులు కొన్ని కలవు. అవి తల్లినుండి మాత్రమే దిగును. ఆ శక్తియంత్రమునకు వలయు తక్కిన యంగములను కేంద్రకములోని జన్యువులు చేయును. ఇవి తల్లిదండ్రు లిరువురినుండియు దిగును. ఒక ఊరి వడ్రంగి చేసిన ఇరుసునకు ఆ ఊరి చక్రమే కుదురును. పొరుగూరి చక్రము మంచిదే యైనను, కుండ వదులుగా నుండి బండి ఊగులాడును. మొదటి తరమున ప్రతి బిడ్డకును తల్లివైపు జన్యువుల పూర్తిజట్టు ఒకటి యుండుటచే పని నడచును. మనుమల తరమున జన్యువులు చెదరి, కొందఱికి తల్లివైపు ఇరుసును, తండ్రివైపు చక్రములును మాత్రమే దక్కును. ఈ యూహను పరీక్షించుటకు, సంకరబిడ్డలను తల్లి వంశముతో మరల కలిపిరి. పుట్టినవానికి పోయిన శక్తి తిరిగి వచ్చెను. తండ్రి వంశముతో కలిపినప్పుడు రాలేదు. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమును కోరుట కష్టము.

ఈ జీవికి లింగ క్రోమోజోములు లేవు. మగయో ఆడో నిర్ణయించునది అనేక జన్యువుల కూడిక. 2008లో విలెట్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరీక్షలయందు, సంకరముల మగవానికి వంధ్యత్వము ముందుగా వచ్చుచున్నదనుటకు సాక్ష్యము కనబడలేదు. హాల్డేను చెప్పిన హేతువు లేనిచోట హాల్డేను చెప్పిన ఫలమును కనబడలేదన్నమాట. జాతులు వేఱుపడుట యొక్కనాటి పని కాదనియు, పైకి ఒక్కటిగా కన్పట్టు గుంపులయందే ఆ విభేదము లోలోపల మొదలగుననియు ఈ మడుగు పురుగులు చూపుచున్నవి. హాల్డేను వీనిని చూచియున్నచో ఎంత సంతసించియుండునో!

మరల చరిత్రమునకు వత్తము. 1923లో హాల్డేను కేంబ్రిడ్జికి పోయి, హాప్కిన్సు అను మహాశాస్త్రజ్ఞునివద్ద జీవరసాయనశాస్త్ర బోధకుడుగా నుండెను. మఱుసటియేట ప్రకృతివరణమును గణితమున పెట్టి చూపుటకు మొదలిడెను. మాంచెస్టరు ప్రాంతమున తెల్లని మచ్చలరెక్కల చిమ్మటలుండెడివి. నల్లని రకము 1848లో అచ్చట మొదట కనబడెను. ఫ్యాక్టరీల పొగచే చెట్లమొదళ్లు నల్లబడగా, శతాబ్దాంతమునకు దాదాపు అన్నియు నల్లనివే యయ్యెను. ఇంత శీఘ్రముగా మార్పు రావలెనన్నచో, తెల్లనిది రెండు పిల్లలను నిలుపుకొనుచోట నల్లనిది మూటిని నిలుపుకొని యుండవలెనని హాల్డేను లెక్క తేల్చెను. అంత హెచ్చు ప్రాబల్యము ప్రకృతిలో నుండునని నాటివారు నమ్మలేదు. 1950 తరువాత అడవులలో చిమ్మటలను విడిచి చూచినవారికి అంతటి ప్రాబల్యమే కనబడెను. ఫిషరు, రైటు అను మఱి యిరువురితోపాటు హాల్డేనును జనసముదాయముల జన్యుశాస్త్రమునకు స్థాపకుడుగా నెంచుట యిందుచేతనే. 1932లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. మఱుసటియేట లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యపదవి నందెను.

తన దేహమును పరీక్షాపాత్రముగా వాడుట యతనికి తండ్రినుండి వచ్చిన యలవాటు. రక్తములో ఆమ్లము పెరిగిన నేమగునో చూచుటకు అమ్మోనియం క్లోరైడు ద్రావకము త్రాగి దినములతరబడి ఆయాసపడెను. 1939 జూనులో థెటిస్ అను జలాంతర్గామి లివర్‌పూలు తీరమున మునిగి 99 మంది మరణించిరి. వారెట్లు మరణించిరో తెలిసికొనుటకు హాల్డేను మఱి కొందఱితో ఇనుపపెట్టెలో బంధితుడై, చెడినగాలిని పీల్చుచు గంటలతరబడి కూర్చుండెను. తరువాతి పరీక్షలలో అధికపీడనమున మూర్ఛవచ్చి వెన్నెముకకు దెబ్బ తగిలెను, చెవిపొర చిల్లుపడెను. చుట్ట పొగను చెవినుండి విడువగలనని తరువాత పరిహాసమాడుచుండెను. కాని వెన్నునొప్పి మాత్రము పరిహాసము కాదు. అది అతనిని తుదివఱకు విడువలేదు.

అతని దోషమును దాచి చరిత్రము వ్రాయుట ఉచితము కాదు. హాల్డేను కమ్యూనిస్టు పక్షమున చేరి, దాని పత్రికలో శ్రామికులకై విజ్ఞానవ్యాసములు వందలకొలదిగా వ్రాసెను. ఆ వ్యాసములు మంచివే. కాని అదేకాలమున సోవియట్టు దేశమున లైసెంకో యనువాడు అధికారబలముచే జన్యుశాస్త్రమును అణచివేయుచుండెను. 1928లో హాల్డేనును తమ దేశమునకు ఆహ్వానించిన వావిలోవు అను మహాశాస్త్రజ్ఞుడు 1940లో నిర్బంధింపబడి 1943లో చెఱసాలలో మరణించెను. 1948లో జన్యుశాస్త్ర బోధనమే ఆ దేశమున నిషిద్ధమయ్యెను. సంగతులన్నియు తెలిసియు హాల్డేను గట్టిగా ఖండింపక, నానుడుమాటలతో కాలము గడపెను. విషవాయువును పీల్చుటకు వెఱవనివాడు, తన పక్షమువారికి అప్రియమగు సత్యమును పలుకుటకు వెనుదీసెను. కొంతకాలమునకు ఆ పక్షమును విడిచెను గాని, విడుచుటకు చాల ఆలస్యమయ్యెనని నా యభిప్రాయము.

1945లో హెలెన్ స్పర్వే అను శాస్త్రజ్ఞురాలిని రెండవ వివాహము చేసికొనెను. న్యూటు అను నీటిబల్లుల తెగలను కలిపి, సంకరసంతానమును పరిశీలించిన విదుషి యామె. 1957లో మహలనోబీసుగారి ఆహ్వానమున దంపతులిరువురును కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు వచ్చిరి. హాల్డేను పైజామా లాల్చీ ధరించి, శాకాహారియై, భారత పౌరసత్వమును స్వీకరించెను. విలువగల యంత్రములు లేవని విచారించు విద్యార్థులతో, ఈ దేశమున లెక్కింపదగినవి వీధివీధినను కలవని చెప్పుచుండెను. సుబోధకుమార్ రాయ్ అను శిష్యుడు పారిజాతపు పూల రేకులను దినదినము లెక్కించి శాస్త్రవ్యాసము వ్రాసెను.

ఆ శిష్యులలో మన తెలుగువారొకరు, పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారు. వీరు లాంటానా యను రంగురంగుల చిన్నపూల పొదలవద్ద నిలిచి, ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూవుపై వ్రాలుచున్నదో లెక్కించిరి. కొన్ని రకములు గులాబిరంగు పూలకే పోవును, కొన్ని నారింజరంగు పూలకే పోవును. అట్లయినచో ఒకే చోట పెరుగు పొదలమధ్యగూడ పుప్పొడి కలియక, కొండగాని యేరుగాని అడ్డులేకయే అవి క్రమముగా వేఱుపడవచ్చును. బండలమడుగు జీవులను సముద్రము వేఱుపఱచినట్లు, ఈ పొదలను సీతాకోకచిలుకల యభిరుచి వేఱుపఱచుచున్నదన్నమాట. 1960లో నేచరు పత్రిక ఈ వ్యాసమును ప్రకటించెను. కృష్ణారావుగారు తరువాత అమెరికాకు పోయి, గురువుగారి జీవితమును గ్రంథముగా వ్రాసిరి, 2020లో దివంగతులైరి.

హాల్డేను 1961లో ఆ సంస్థను విడిచి, మఱుసటియేట భువనేశ్వరమున ఒరిస్సా ప్రభుత్వమువారి ప్రోత్సాహమున జన్యుశాస్త్ర పరిశోధనాలయమును స్థాపించెను. 1963 చివర అతనికి పెద్దప్రేగున క్యాన్సరు అని తేలెను. లండనులో శస్త్రచికిత్స జరిగెను. ఆసుపత్రి మంచముపైనుండియే తన వ్యాధిని గూర్చి హాస్యపద్యము వ్రాసి పత్రికకు పంపెను; జనులు భయము విడిచి సకాలమున వైద్యునివద్దకు పోవలెననియే దాని యుద్దేశము. భువనేశ్వరమునకు తిరిగివచ్చి, 1964 డిశంబరు 1వ తేదీన మరణించెను. భార్య ఇంగ్లండునకు మఱలిపోక, ఈ దేశముననే యుండి 1978లో కాలధర్మము నందెను.

బ్రతికియున్నంతకాలము పరీక్షలకు పనికివచ్చిన తన దేహము, మరణించిన పిమ్మటను విద్యార్థులకు పనికిరావలెనని హాల్డేను మరణశాసనమున వ్రాసియుండెను. దానినందుకొనవలసిన కళాశాలగా ఆ శాసనమున పేర్కొనబడినది, అప్పటికి స్థాపింపబడి ఆఱేండ్లు మాత్రమే యైన కాకినాడ రంగరాయ వైద్యకళాశాల. ఆ కోరిక ప్రకారము దేహమును భువనేశ్వరమునుండి కాకినాడకు పంపిరి. అతని యస్థిపంజరమును ఆ కళాశాల శరీరశాస్త్ర విభాగపు ప్రదర్శనశాలలో భద్రపఱచిరి.